లెక్క పైకి పోతోంది, ఊళ్లోకి రావడం లేదు

2021 నవంబర్‌లో పెన్న పొంగిన రోజుల్ని నెల్లూరు వాళ్లెవరూ మరిచిపోరు. సోమశిల జలాశయం నుంచి వచ్చిపడిన నీళ్లు ఏటి ఒడ్డు కాలనీలను ముంచేశాయి. కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగిపోయింది. ఆ వారం మా వీధిలో చందాలు పోగయ్యాయి. బియ్యం, దుప్పట్లు పంచుతున్న ఒక స్వచ్ఛంద సంస్థ క్యూఆర్ కోడ్ వాట్సాప్ గ్రూపులోకి వస్తే తలా కొంత పంపాం. వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అక్క ఐదు వందలు నా చేతికిచ్చి, తన పేరు చెప్పకుండా కలిపి పంపమంది.

రెండు నెలల తర్వాత ఆమే అడిగింది. "అన్నా, ఆ దుడ్లు ఏం జేశారంట?"

సంస్థకు ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు. ఆడిట్ జరుగుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు అన్నీ పంపుతాం, మీరేం దిగులు పడొద్దన్నారు. మాకో కాపీ ఇవ్వగలరా అంటే అలా ఇచ్చే పద్ధతి లేదన్నారు. ఆ మాటే అక్కకు చేరవేశాను. "మా పొదుపు సంఘంలో పది రూపాయలు తేడా వచ్చినా పుస్తకం మధ్యలో పెట్టుకోని కూర్చుంటాం. మరి వీళ్ల పుస్తకం ఎవురి ముందర పెడతారు?" అంది.

ఆ సంస్థ తప్పు చేసిందని నేననడం లేదు. చేసిందో లేదో తెలుసుకునే దారి, డబ్బు ఇచ్చిన నాకూ లేదు, బియ్యం అందుకున్న కాలనీ వాళ్లకూ లేదు. నిజాయితీగా పనిచేసే సంస్థకు ఇది మరీ అన్యాయం. తన నిజాయితీని చూపించుకునే చోటు దానికి చట్టం ఇవ్వలేదు. అక్క అడిగిన ప్రశ్న పట్టుకుని ఆ చట్టాలన్నీ తిరగేశాను. తిరగేసిన కొద్దీ ఒక సంగతి తేటపడింది. మన దేశంలో దాతృత్వ సంస్థలను లెక్క అడిగే చట్టాలకు కొదవ లేదు. అడిగిన లెక్కంతా పైకి, ఆఫీసుల్లోకి పోతుంది. పక్కకు, జనంలోకి రాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఈ జిల్లాకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి అందరికీ తెలుసు. దాని వెన్నంటి వచ్చిన పొదుపు ఉద్యమం గురించి అంతగా మాట్లాడుకోం. రోజుకొక రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు నెల్లూరు జిల్లాలో ఊరూరా లేచాయి. ఆ సంఘాల్లో ఒక పద్ధతి స్థిరపడింది. సమావేశం జరిగిన ప్రతిసారీ తీర్మానాల పుస్తకం తెరుస్తారు. ఎంత జమైంది, ఎవరికి అప్పు ఇచ్చారు, ఎవరు కట్టలేదు అన్నది పైకి చదువుతారు. చదవడం రాని వాళ్లు వింటారు. సంతకమో వేలిముద్రో వేస్తారు. పారదర్శకత మీద పెద్ద పెద్ద నివేదికలు చెప్పేదంతా ఆ అరగంటలో ఉంది. ఎవరి డబ్బో వాళ్ల ముందు, వాళ్ల భాషలో, వాళ్లు ప్రశ్న వేయగలిగిన చోట లెక్క చెప్పడం. ఈ వ్యాసంలో దేన్ని తూచినా ఆ పుస్తకంతోనే తూస్తాను.

ఇక చట్టాల్లోకి వెళ్దాం. చిక్కుముడి విప్పాలంటే ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకోవడం మేలు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ తరాలుగా ఉన్నదే. అక్కడి ఒక ఊళ్లో కొంతమంది కలిసి చందాలతో శుద్ధి నీళ్ల ప్లాంటు పెట్టాలనుకున్నారనుకుందాం. వాళ్ల ముందు మూడు గుమ్మాలున్నాయి.

మొదటిది సొసైటీ. కనీసం ఏడుగురు సభ్యులుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేసుకోవచ్చు. స్టాంపులు, రిజిస్ట్రేషన్ శాఖలోని జిల్లా రిజిస్ట్రారే సొసైటీలకూ రిజిస్ట్రార్. పొలాల క్రయవిక్రయాల దస్తావేజులతో ఊపిరాడని శాఖకు ఇది పక్కపని. రెండోది ట్రస్టు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ట్రస్టు దస్తావేజు రాయించుకుంటే చాలు, సంస్థ పుట్టినట్టే. మూడోది 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ. ముస్లింల వక్ఫు ఆస్తులకు మళ్లీ వేరే చట్టం, వేరే బోర్డు ఉన్నాయి. దాని సంగతి ఇక్కడ ఎత్తుకోను.

చేసే పని ఒకటే, నీళ్ల ప్లాంటు. ఏ గుమ్మంలోంచి వెళ్లారన్నదాన్ని బట్టి లెక్క అడిగే అధికారి మారిపోతాడు, లెక్క లోతు మారిపోతుంది, జనానికి కనపడేదీ మారిపోతుంది. కంపెనీ గుమ్మంలోంచి వెళ్తే దాని వార్షిక పత్రాలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఉంటాయి. 100 రూపాయలు కట్టి ఎవరైనా చూడొచ్చు. అదే ప్లాంటును సొసైటీగా పెడితే కాగితాలు జిల్లా కేంద్రంలోని బీరువాలో ఉంటాయి. ట్రస్టుగా పెడితే, దస్తావేజు రిజిస్టరైన మర్నాటి నుంచి సబ్ రిజిస్ట్రార్‌కు దాని ఊసే ఉండదు.

ట్రస్టుల విషయంలో చాలామంది పొరపడుతుంటారు. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం ప్రైవేటు ట్రస్టుల కోసం, అంటే కుటుంబ ఆస్తుల వంటి వాటి కోసం చేసింది. ప్రజల కోసం పెట్టిన ట్రస్టు దాని కిందికి రాదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో 1950 నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టం వల్ల చారిటీ కమిషనర్ అనే అధికారి ఉన్నాడు. మన దగ్గర ఆ పేరుతో ఎవరూ లేరు. కానీ చట్టం లేదనుకుంటే తప్పు. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం పూర్తి పేరులోనే ధర్మాదాయ సంస్థలు, హిందూ మత సంస్థలు అని రెండూ ఉన్నాయి. గుళ్లతో పాటు ప్రజా ధర్మసంస్థలన్నీ, అవి రిజిస్టరైనా కాకపోయినా, తన పరిధిలోకి వస్తాయని ఆ చట్టం మొదటి సెక్షన్ చెబుతోంది. అలాంటి సంస్థ ఆ శాఖలో నమోదు కావాలి. ఈ ముక్క తెలిసిన ట్రస్టీలు నాకు చాలా తక్కువ మంది తారసపడ్డారు.

ఇది చచ్చిపోయిన నిబంధనేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబర్ 19న సుప్రీంకోర్టు దీని మీద స్పష్టంగా చెప్పింది. రాష్ట్ర చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయిన చోట, పన్ను మినహాయింపు కోరే సంస్థ ఆ చట్టాన్నీ పాటించాలంది. విద్యా సంస్థగా మినహాయింపు కావాలంటే విద్య ఒక్కటే లక్ష్యంగా ఉండాలనీ అదే తీర్పు తేల్చింది. దేశమంతటికీ వర్తించే ఆ మాటకు పునాది ఆంధ్ర చట్టం. అయినా దేవాదాయ శాఖ అనగానే మనకు గుడి, హుండీ, మాన్యం గుర్తొస్తాయి తప్ప, ఊరి నీళ్ల ప్లాంటు ట్రస్టు గుర్తుకు రాదు. శాఖకూ అంతే అనిపిస్తుంది. గుళ్ల భూముల వ్యాజ్యాలే తలకు మించిన పని.

ఈ ధోరణి నిన్నా మొన్నటిది కాదు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే ట్రంకు రోడ్డు వెంట బాటసారుల కోసం సత్రాలుండేవి, వాటికి మాన్యాలుండేవి. 1817లోనే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ తెచ్చి, గుళ్లకూ మసీదులకూ సత్రాలకూ వంతెనలకూ రాసిచ్చిన భూముల ఆదాయం దారి మళ్లకుండా చూసే బాధ్యత రెవెన్యూ బోర్డుకు అప్పజెప్పింది. లెక్క సర్కారుకు చెప్పాలి, సత్రంలో అన్నం తినేవాడికి చెప్పాల్సిన పని లేదు అన్న నడక అక్కడే మొదలైంది.

1860లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఇంకో అడుగు వేసింది. కోస్తాంధ్రలో 2001 దాకా అమల్లో ఉన్న చట్టమది. రిజిస్ట్రార్ దగ్గరున్న పత్రాలను ఒక్క రూపాయి రుసుముతో ఎవరైనా చూడొచ్చని దాని 19వ సెక్షన్ చెప్పింది. నూట అరవై ఏళ్ల కిందటే సామాన్యుడికి తలుపు తీసిన మాట అది. కానీ అదే చట్టం ఏటా దాఖలు చేయమన్నది కార్యవర్గం జాబితాను మాత్రమే. చూసే హక్కు ఇచ్చింది, చూడటానికి లెక్కను మాత్రం అక్కడ ఉంచలేదు. ఇప్పటి సంస్కరణలో పూడ్చాల్సిన గొయ్యి ఇదేనని నాకనిపిస్తుంది.

గొయ్యి ఎంత లోతో 2015లో బయటపడింది. సుప్రీంకోర్టు ముందు సీబీఐ పెట్టిన లెక్కల ప్రకారం దేశంలో సుమారు 30 లక్షల సంస్థలుంటే, రిజిస్ట్రార్లకు ఆదాయ వ్యయాలు సమర్పించేవి పదో వంతు కూడా లేవు. 2017 జనవరిలో కోర్టు ఆడిట్‌కు ఆదేశించింది. అదే ఏడాది, వీటిని నియంత్రించడానికి చట్టం తెస్తారా అని కేంద్రాన్ని అడిగింది. అంతకు ముందే, 2008లో, రెండో పరిపాలనా సంస్కరణల సంఘం తన తొమ్మిదో నివేదికలో ట్రస్టులకూ సొసైటీలకూ కలిపి మాదిరి చట్టం ఉండాలనీ, రాష్ట్రానికొక ధర్మాదాయ కమిషన్ పెట్టాలనీ సూచించింది. మన రాష్ట్రంలో అలాంటి కమిషన్ నేటికీ లేదు.

మరి ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి? నాకు ఫోన్లో చెప్పింది అదే కదా. నిజానికి ఇవాళ దాతృత్వ సంస్థలను గట్టిగా లెక్క అడిగేది ఆ శాఖే. మినహాయింపు కావాలంటే నమోదు కావాలి. 2021 నుంచి ఆ నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2025 బడ్జెట్ తర్వాత, ఏడాది ఆదాయం 5 కోట్లు దాటని చిన్న సంస్థలకు దాన్ని పదేళ్లు చేశారు. వచ్చిన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యానికి వినియోగించాలి. పేరు లేని విరాళాలు ఒక హద్దు దాటితే 30 శాతం పన్ను పడుతుంది. దాతకు పన్ను మినహాయింపు (1961 చట్టంలో 80జి సెక్షన్) ఇప్పించే సంస్థ, ఏ దాత ఎంత ఇచ్చాడో ఏటా జాబితా దాఖలు చేసి, దాతకు ధ్రువపత్రం ఇవ్వాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే దాతకు మినహాయింపు రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ చట్రం అదే.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనపడేది దగ్గరివాళ్ల లావాదేవీల నిబంధన. ట్రస్టు నడిపేవాళ్లు ఎలా లాభపడతారో ఊళ్లో అందరికీ తెలుసు. హుండీలో చెయ్యి పెట్టి తీసుకునేవాళ్లు అరుదు. వృద్ధాశ్రమం నడిచే ఇల్లు వ్యవస్థాపకుడి భార్య పేరున ఉంటుంది, అద్దె బజారు ధరకు రెట్టింపు ఉంటుంది. వ్యాను తమ్ముడిది, కిలోమీటరుకింత అని ట్రస్టు కడుతుంది. సరుకులు బావమరిది కొట్టు నుంచే వస్తాయి. బిల్లులన్నీ సక్రమంగా ఉంటాయి, ఆడిట్‌లో తప్పు దొరకదు. పన్ను చట్టానికి ఈ ఎత్తులన్నీ తెలుసు. వ్యవస్థాపకులకూ ట్రస్టీలకూ వాళ్ల బంధువులకూ పెద్ద దాతలకూ అనుచిత లాభం చేరిస్తే మినహాయింపుకే ముప్పు వస్తుంది. ఆ లావాదేవీల వివరాలు ఆడిట్ నివేదికలో రాయాలి కూడా. అంటే ఆ ఇల్లు ఎవరిదో, అద్దె ఎంతో ఒక ఫైలులో రాసి ఉంది. ఆ అద్దె ఎక్కువో తక్కువో చూడగానే చెప్పగలిగిన వాళ్లు ఆ వీధి జనం. వాళ్లకా కాగితం చూపించరు. ఎక్కడో కూర్చున్న అధికారికి కావలి బజారులో ఇంటి అద్దె ఎంతుంటుందో ఎలా తెలుస్తుంది?

ఇంకో మార్పు గమనించండి. విరాళం మీద దాతకు వచ్చే ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. 2023-24 నుంచి కొత్త విధానమే మామూలుగా వర్తించేది అయింది. మినహాయింపు రానప్పుడు జీతగాడైన దాత రసీదు కోసం పట్టుబట్టడు. పన్ను భయం వల్ల సంస్థల మీద ఉన్న ఆ కాస్త ఒత్తిడి కూడా ఇకముందు సడలుతుంది. పన్ను శాఖ చూసేది కూడా ప్రభుత్వానికి రావాల్సిన పన్ను ఎగ్గొట్టారా లేదా అన్నదే. దుప్పట్లు కాలనీకి చేరాయా లేదా అన్నది దాని పని కాదు, ఆ శాఖను తప్పుపట్టనూ లేం.

చట్టాన్ని కఠినం చేస్తే పారదర్శకత దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రెండూ వేరని విదేశీ విరాళాల చట్టం చూస్తే తెలుస్తుంది. 2004 సునామీ తర్వాత మన తీరం వెంట, నెల్లూరు ప్రకాశం మత్స్యకార పల్లెల్లో, ఎన్నో సంస్థలు పనిచేశాయి. బయటి దేశాల డబ్బు పెద్ద సంస్థకు వచ్చేది, అది స్థానికంగా చిన్న సంస్థకు ఇచ్చేది, పని జరిగేది. 2020 సవరణ ఆ బదిలీని పూర్తిగా ఆపేసింది. పరిపాలనా ఖర్చుల హద్దును 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలంది. 2022లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది. ఇప్పటికి రద్దయిన రిజిస్ట్రేషన్లు 20 వేలకు పైనే. సరే, కట్టడి పెరిగింది. అయితే 2022 జూలైలో నిబంధనలు మార్చి, మూడు నెలలకోసారి వచ్చిన విదేశీ విరాళాల వివరాలను వెబ్‌సైటులో పెట్టాలన్న నియమాన్ని తీసేశారు. ప్రభుత్వం చూడగలిగేది పెరిగింది, పౌరుడు చూడగలిగేది తగ్గింది. ఒకే చట్టంలో రెండేళ్ల తేడాతో జరిగిన సంగతి ఇది. సంస్కరణ అన్న మాట వినగానే అది ఏ వైపు సంస్కరణో అడగాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

ఇప్పుడున్న చట్టాలతో మనకు దొరికేదేమీ లేదా అంటే, కొంత ఉంది. సంస్థకు పన్ను నమోదు ఉందో లేదో ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చూడొచ్చు. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు వెతకొచ్చు, కాకపోతే అక్కడ ఉండేది ఎక్కువగా సంస్థ తన గురించి తాను చెప్పుకున్నదే. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థలైతే, ఆ ప్రాజెక్టుల వివరాలు కంపెనీ వెబ్‌సైటులో ఉండాలి. కంపెనీలున్న కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కాగితాలను సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. జిల్లా స్థాయిలో దరఖాస్తు రుసుము 10 రూపాయలే. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే సంస్థ అయితే నేరుగా దాన్నే అడగొచ్చని 2019 సెప్టెంబర్‌లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నగదుగానే కాదు, చౌకగా ఇచ్చిన భూమి రూపంలో వచ్చిన సాయం కూడా లెక్కలోకి వస్తుంది. ఇది చాలా పెద్ద మాట. మన ఊళ్లలో ప్రభుత్వ స్థలంలో నడిచే సంస్థలెన్ని ఉన్నాయో ఆలోచించండి.

ఇవన్నీ ఓపిక, తీరిక, చదువు ఉన్నవాళ్లకు. ఇస్త్రీ బండి దగ్గర నిలబడి చూస్తే వీటిలో ఒక్కటీ అందదు.

ఆమె ఫిర్యాదు చేయాలనుకుంటే ఏం జరుగుతుందో చూడండి. 2001 సొసైటీల చట్టంలో వివాదాల పరిష్కారానికి 23వ సెక్షన్ ఉంది. మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు, జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. ఎవరు? సొసైటీ సభ్యులు. దాతకూ లబ్ధిదారుకూ అందులో చోటు లేదు. దేవాదాయ చట్టం వర్తించని ట్రస్టుల విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. సంబంధం ఉన్న ఇద్దరు కలిసి, కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి. ఐదు వందల చందా కోసం దావా ఎవరు వేస్తారు? దాంతో ఏడుగురు సభ్యులూ ఒక్క ఇంటివాళ్లే అయిన సొసైటీలో వివాదమే పుట్టదు. వివాదం లేదు కాబట్టి చట్టం దృష్టిలో అంతా సవ్యంగా ఉన్నట్టే. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఈ ఖాళీయే.

అందుకని, నాకు తోచిన సంస్కరణ కొత్త శిక్షలతో మొదలు కాదు. ఇప్పటికే రాస్తున్న లెక్కను ఊరి వైపు తిప్పడంతో మొదలవుతుంది. సొసైటీ, ట్రస్టు, కంపెనీ అనే తేడా లేకుండా ప్రజల దగ్గర చందా తీసుకునే ప్రతి సంస్థకూ రాష్ట్రంలో ఒకే నమోదు సంఖ్య, ఒకే బహిరంగ రిజిస్టరు ఉండాలి. ఇంగ్లాండులో 1853 నుంచి చారిటీ కమిషన్ ఉంది. అక్కడి రిజిస్టరులో పేరు కొడితే ఐదేళ్ల ఆదాయ వ్యయాలు తెర మీదికి వస్తాయి. అమెరికాలో ఇలాంటి సంస్థలు పన్ను శాఖకు ఇచ్చే 990 ఫారాన్ని అడిగిన వాళ్లెవరికైనా చూపించాలి. పన్ను కాగితం జనం చూస్తే మిన్ను విరిగి పడుతుందన్న భయానికి ఆ దేశాల అనుభవమే జవాబు.

దాంతో పాటు ఒక పేజీ లెక్క, తెలుగులో. ఎంత వచ్చింది, ఎక్కడి నుంచి, దేనికి ఖర్చయింది, నడిపేవాళ్లకూ వాళ్ల బంధువులకూ ఎంత వెళ్లింది, ఆస్తులేమున్నాయి, ఏడాది చివర మిగిలిందెంత. పనిచేసే ఊరి సచివాలయం నోటీసు బోర్డు మీద అది ఉండాలి. చిన్నవాళ్లకు ఇంతకు మించి భారం వేయకూడదు. ఏడాదికి రెండు మూడు లక్షలతో నడిచే గ్రంథాలయం చేత పాతిక పేజీల ఆడిట్ చేయిస్తే ఆడిటర్ ఫీజుకే పుస్తకాల డబ్బు పోతుంది. పన్ను చట్టం చేసినట్టే ఇక్కడా పరిమాణాన్ని బట్టి మెట్లు పెట్టొచ్చు.

పెద్ద సంస్థలకు, ముఖ్యంగా ప్రభుత్వ నిధులూ ప్రభుత్వ భూమీ తీసుకునే వాటికి, ఇంకో మెట్టు కావాలి. దానికి పరాయి దేశం వైపు చూడనక్కర్లేదు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని దేశానికి నేర్పింది మన రాష్ట్రమే. 2006లో మొదలుపెట్టి, తర్వాత దానికోసమే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. ఊళ్లో తిరిగి మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, సరిచూడటం, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదవడం మనకు కొత్త కాదు. లోపాలు దానిలోనూ ఉన్నాయి. దొరికిన సొమ్ము రాబట్టడంలో వెనకబడుతున్నామన్న విమర్శలో బలముంది. అయినా కూలివాడు లేచి "నాకీ డబ్బు రాలా" అని అధికారి ముందు అనగలిగిన చోటు అది. వృద్ధాశ్రమంలో ఉండే ముసలమ్మకు అలాంటి చోటు ఏడాదికొక్కసారైనా ఉండాలి. 23వ సెక్షన్‌లో సభ్యుడు అన్న మాట పక్కన దాత, లబ్ధిదారు అన్న మాటలు చేరాలి. అలాగే లోపలి నుంచి తప్పు చెప్పిన ఉద్యోగికి రక్షణ ఉండాలి. ఇలాంటి సంగతులు మొదట బయటపెట్టేది ఎప్పుడూ గుమాస్తానో వంటమనిషో.

దీనికి ఎదురు వాదన బలమైనది, దాన్ని తోసేయలేను. లెక్క అడిగే అధికారం వేధించే అధికారంగా మారడం మనం చూస్తూనే ఉన్నాం. ఇసుక తవ్వకాల మీదో, చెరువు ఆక్రమణల మీదో గొంతెత్తిన చిన్న సంస్థకు మర్నాడే నోటీసు రావచ్చు. అందుకే రద్దు చేసే అధికారం ఒక్క అధికారి చేతిలో ఉండకూడదు. పరిపాలనా సంస్కరణల సంఘం ఒక కమిషనర్ బదులు పలువురు సభ్యుల కమిషన్ అన్నది ఈ భయంతోనే అనుకుంటాను. లెక్క పెట్టని సంస్థ పేరు పక్కన ముందు ఆ సంగతి రిజిస్టరులో కనపడితే చాలు. సగం మంది దాతలు అక్కడే ఆగిపోతారు. రద్దు చిట్టచివరి మెట్టు కావాలి, దానికి గడువూ అప్పీలూ ఉండాలి.

బయట పెట్టకూడనివీ ఉన్నాయి. ట్రంకు రోడ్డు వెంట హెచ్ఐవీ బాధితులతో పనిచేసే సంస్థలు నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్ల పేర్లు ఏ ఆడిట్ పేరుతోనైనా గోడకెక్కితే ఆ జీవితాలు కూలిపోతాయి. సాయం తీసుకున్న పిల్లల ఫోటోలను లెక్కకు రుజువుగా పెట్టే అలవాటు మానాలి. పేరు చెప్పొద్దన్న చిన్న దాత మాట నిలబెట్టాలి. మరోవైపు 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే 8(1)(జె)ను మార్చింది కాబట్టి, ట్రస్టీల వివరాలు అడిగితే వ్యక్తిగతం అని తిప్పి పంపే వీలు పెరిగింది. సాయం తీసుకునే వాడి గోప్యత వేరు, ప్రజల డబ్బు పట్టుకున్న వాడి గోప్యత వేరు. చట్టం ఈ గీతను తానే గీసి చూపించాలి, గుమాస్తా విచక్షణకు వదలకూడదు.

లెక్క చెప్పడాన్ని అవమానంగా భావించే పెద్దమనుషులు మన వైపు చాలామంది ఉన్నారు. నన్నే అనుమానిస్తారా అంటారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించిన వారం రోజులకు, ఏప్రిల్ 7న, గాంధీ మన పల్లిపాడు వచ్చి పినాకినీ (పెన్న) తీరాన ఆశ్రమాన్ని ప్రారంభించారు. దక్షిణాఫ్రికాలోని నటాల్ రోజుల నుంచీ చిన్న చందాకైనా రసీదు ఇచ్చి తీరాలని పట్టుబట్టిన మనిషి ఆయన. దాన్ని ఆయన అవమానం అనుకోలేదు, సంస్థకు ఊపిరి అనుకున్నారు. ఆ ఆశ్రమం ఉన్న జిల్లాలో రసీదు అడగడానికి మొహమాటపడుతున్నాం.

ఇందులో చాలా భాగానికి ఢిల్లీ కోసం ఆగాల్సిన పని లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో సొసైటీలు రాష్ట్ర జాబితాలో, 32వ పద్దులో ఉన్నాయి. ట్రస్టులూ ధర్మాదాయ సంస్థలూ ఉమ్మడి జాబితాలో 10, 28 పద్దుల్లో ఉన్నాయి. 2001 చట్టాన్నీ 1987 చట్టాన్నీ చేసింది మన శాసనసభే, సవరించగలిగేదీ అదే. బహిరంగ రిజిస్టరు, ఒక పేజీ తెలుగు లెక్క, దాతకూ లబ్ధిదారుకూ ఫిర్యాదు హక్కు. ఈ మూడూ ఒక్క సమావేశాల్లో అయ్యే పని. రిజిస్ట్రార్ కార్యాలయానికి మనుషుల్ని ఇవ్వడం, కమిషన్ పెట్టడం తర్వాతి మాట, దానికి డబ్బూ కావాలి.

మొన్న ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు ఆ ఒక పేజీ ఎలా ఉండాలో ఒక పాత కవరు వెనక గీసి అక్కకు చూపించాను. వచ్చింది, బియ్యానికి, దుప్పట్లకు, వ్యాను బాడుగకు, మిగిలింది. ఆమె పెన్ను తీసుకుని వ్యాను బాడుగ పక్కన ఇంకో గడి కొట్టింది. "వ్యాను ఎవురిదో రాయాల గదా అన్నా" అంది. వాళ్ల సంఘం పుస్తకం పదేళ్లుగా రాస్తున్నది తనేనని అప్పుడు చెప్పింది.